మా చెల్లె తయారు చేయని మందు

నిన్న మధ్యాహ్నం కంచం ముందు కూర్చున్నానో లేదో గేటు చప్పుడైంది. చివ్వెంల నుంచి వచ్చారట, భార్యాభర్తలు. ఆయన చేతిలో ఎక్స్‌రే కవరు, ఆమె చేతిలో సొరకాయ. డాక్టరమ్మ ఇల్లు ఇదేనా అని అడిగారు. ఇది ఆమె అక్క ఇల్లని, ఆమె హైదరాబాదులో ఉంటుందని, అసలు మందులు రాసే డాక్టరే కాదని అప్పజెప్పినట్టు చెప్పాను. బడిలో పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషిని, ఏ పాఠమూ ఇన్నిసార్లు చెప్పలేదు. ఏ పాఠమూ ఇంత తక్కువగా ఎవరి తలకూ ఎక్కలేదు. ఆయన అంతా శ్రద్ధగా విని, తలూపి, "అయితే అమ్మ ఎప్పుడొస్తది?" అన్నాడు.

ఈ తంటా అంతా మా మేనమామ తెచ్చిపెట్టింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది గానీ ఆయన చేసిన ప్రచారం మాత్రం ఇప్పటికీ సొరకాయ పట్టుకుని నా గేటు కొడుతూనే ఉంది.

మా చెల్లె చదువు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేసి, హైదరాబాదులో ఒక ప్రయోగశాలలో లింఫోమా మీద పరిశోధనకు కుదిరింది. మెడలో, చంకల్లో, గజ్జల్లో ఉండే బిళ్ళలకు వచ్చే క్యాన్సర్ అది. మన ఒంట్లో ప్రతి కణానికీ ఎప్పుడు చావాలో తెలుస్తుందట. ఈ జబ్బులో కొన్ని కణాలు ఆ సంగతి మరిచిపోయి పెరుగుతూ పోతాయట. ఎందుకు మరిచిపోతాయి, మళ్ళీ ఎట్లా గుర్తు చేయాలి అన్నదే తన పని. ఏడాదంతా ఎలుకల మీద పనిచేస్తే చివరికి "ఇది కాదు" అని తేలేది. తేలిన రోజు ఫోన్ చేసి సంబరంగా చెప్పేది. కాదని తేలితే సంబరమేమిటో నాకు అంతుపట్టేది కాదు. పేరు ముందు డాక్టరని ఉన్న పాపానికి, తను సెలవుల్లో వస్తే చాలు, మిర్యాలగూడ నుంచి మోకాళ్ళ నొప్పులూ, కోదాడ నుంచి మా అత్తగారి తరఫు షుగర్లూ బీపీలూ మా వరండాలో వరుసగా కూర్చునేవి. తను ఒక్కొక్కరికీ కోపంగా వివరించేది. పెద్ద డాక్టర్లకు ఆ మాత్రం కోపం ఉంటుందిలే అనుకుని వాళ్ళు ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళు.

ఇక మామ సంగతి. పెన్‌పహాడ్ దగ్గరి పల్లె ఆయనది, గొర్ల మంద ఉండేది. మా వాళ్ళలో ఒక పట్టింపు ఉంది. సొంతవాళ్ళకు మంద ఉండగా దావతుకు కోసే యాటను బయట కొనకూడదు. కొంటే ఆ మనిషి పరువు తీసినట్టే. నా పెళ్ళికి మా నాన్న తొందరలో సూర్యాపేట అంగడిలో యాటను కొనేశాడు. మామ పెళ్ళికి వచ్చాడు, మేనమామగా చేయాల్సినవన్నీ చేశాడు, పందిరి గుంజలు కూడా తనే పాతాడు. భోజనాల దగ్గర మాత్రం పప్పుచారు పోసుకుని తిని లేచాడు. ఆ పప్పుచారు మా నాన్న బతికినంత కాలం మా ఇంట్లో ఎవరో ఒకరు తలుచుకుంటూనే ఉన్నారు. మా ఆయనది కోదాడ. కూర ఎవరింటి యాటదైతే ఏమిటని ఆయనకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

హైవేను వెడల్పు చేస్తున్న రోజుల్లో మామకు మెడ పక్కన బిళ్ళ కట్టింది. మొదట పంటి వాపు అనుకున్నాడు. తర్వాత గొర్రెకు వాపు వస్తే పెట్టినట్టే తనూ వాత పెట్టించుకున్నాడు. చంకలో కూడా తేలేసరికి అత్త భయపడి నాకు ఫోన్ చేసింది. సూర్యాపేటలో చూపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు. లింఫోమా అని వచ్చింది. మందుకు లొంగే రకమే, ఆలస్యం చేయకుండా హైదరాబాదులో కీమో మొదలుపెట్టించండి అన్నాడు డాక్టరు. ఆ జబ్బు పేరు వినగానే మామ ముఖం వెలిగిపోయింది. క్యాన్సర్ అని విని సంతోషించిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

"గది మన పిల్ల సదివే రోగమే గదా" అన్నాడు. ఇక ఇల్లు కదలలేదు.

బతిమాలాం, తిట్టాం. మా ఆయన స్కూటరేసుకుని నచ్చజెప్పడానికి వెళ్ళి, కడుపునిండా నాటుకోడి తిని, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అత్త ఏడ్చింది. అప్పటికి కండువాతో కప్పినా మెడ వాపు దాగడం లేదు. చివరికి నేనే వెళ్ళి గట్టిగా నిలదీస్తే అసలు కారణం బయటపెట్టాడు.

"పిల్ల శేతుల మందుండంగ ఇంకోని దవాఖానకు పోతే దాని ఇజ్జతేముంటది? ఇంట్ల మంద పెట్టుకొని అంగడిల యాటను కొన్నట్టు గాదా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ పప్పుచారు ఇన్నేళ్ళకు ఇట్లా తిరిగొస్తుందని ఎవరనుకుంటారు? తన దగ్గర మందు లేదు, ఉన్నదల్లా ఎలుకల మీద ప్రయోగాలేనని మొత్తుకున్నాను. ఎలుకలకు నయమైందా అని అడిగాడు. కొన్నిటికి అయిందన్నాను. అయితే తాను ఎలుకకంటే తీసిపోయాడా అని చిన్నబుచ్చుకున్నాడు.

చెల్లె మండిపడుతూ వచ్చింది. వాకిట్లో సుద్దముక్కతో కణం బొమ్మ గీసి, ఏది ఎక్కడ చెడుతుందో, మందు మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో, అసలు వస్తుందో రాదో కూడా తెలియదని చెప్పుకొచ్చింది. మామ ఒగ్గుకథ విన్నట్టు విన్నాడు. ఎంత చక్కగా చెప్పావని మెచ్చుకుని, మందు ఎప్పుడిస్తావని అడిగాడు. చెల్లె సుద్దముక్క విసిరికొట్టింది. విసురుగా వచ్చి ఆయన కండువా తీసి మెడ మీద చెయ్యి వేసింది. అన్నేళ్ళుగా ఆ జబ్బును గాజు పలకల మీద చూసిందే తప్ప మనిషి ఒంటి మీద ముట్టుకోవడం తనకదే మొదలని తర్వాత చెప్పింది. వేసిన చెయ్యి చాలాసేపు తీయలేదు.

"రేపు దవాఖానకు రా మామా. వాళ్ళు ఎక్కిచ్చేది నేను జేసిన మందే" అంది.

మాటవరసకు ఎవరైనా ఒక అంకె తప్పు చెప్తే ఊరుకోని మనిషి ఆడిన అబద్ధం అది. మామ లేచి లోపలికి వెళ్ళి ఇస్త్రీ చొక్కా ఏదని అత్తను అడిగాడు.

ఇంకాస్త ముందు తీసుకురావాల్సిందని అక్కడి డాక్టర్లు అన్నారు. అయినా బిళ్ళలు కరిగాయి. జుట్టు ఊడింది, మళ్ళీ వచ్చింది. మామ మంద వెనక తిరగసాగాడు. తిరిగినవాడు ఊరుకోక బస్సుల్లో, సూర్యాపేట అంగడిలో, మిర్యాలగూడ చుట్టాల పెళ్ళిళ్ళలో తన మేనకోడలే మందు కనిపెట్టిందని చాటాడు. మా వరండాలో వరుస వీధిలోకి పెరిగింది. చెల్లె పళ్ళు నూరుకునేది గానీ, అబద్ధం తనదే కాబట్టి నోరెత్తడానికి లేకపోయింది.

రెండేళ్ళు గడిచాయో లేదో జబ్బు తిరగబెట్టింది. ఈసారి ఎవరూ బతిమాలనక్కర్లేకపోయింది, ఆయనే బట్టలు సర్దుకున్నాడు. బయల్దేరేముందు చెల్లెను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"పోయినసారిది నువ్వు జేసింది గాదని నాకెరుకే బిడ్డా. సీసల మీద ఏదో కంపెనీ పేరుందని సిస్టరమ్మ జెప్పింది. నీ మాట పోవద్దని ఊకున్న. గిప్పుడన్న నువ్వు జేసిందుంటే ఇయ్యి."

తెలిసే ఊరూరా చాటాడన్నమాట. చెల్లె మాట కోసం. నాకు కోపం రావాలి. ఏడుపొచ్చింది.

"ఇంకా కాలేదు మామా" అంది చెల్లె.

"తొందరేం లేదు తియ్యి" అన్నాడు మామ, చెల్లెనే ఓదారుస్తున్నట్టు.

రెండోసారి బిళ్ళలు మందుకు లొంగలేదు. తెలంగాణ వచ్చేనాటికి ఆయన లేడు.

నిన్న వచ్చినవాళ్ళకు ఏ దవాఖానకు పోవాలో కాగితం మీద రాసిచ్చి, ఎవరి మందు కోసమూ ఆగవద్దని కసిరినట్టే చెప్పి, ఆటో ఎక్కించాను. సొరకాయ వద్దంటే వినలేదు, గేటు మీద పెట్టిపోయారు. సాయంత్రం చెల్లెకు ఫోన్ చేస్తే నా గోడు వినకుండా, ఏదో కొత్త ప్రయోగంలో "ఇది కాదు" అని తేలిందని సంబరంగా చెప్పింది. నేను విసుక్కుని పెట్టేశాను. తన పనికి ఇంకెంత కాలం పడుతుందో తనకే తెలియదు. తొందరేం లేదని తనతో అన్న మనిషి ఇప్పటిదాకా మామ ఒక్కడే. ఆ రోజు అందరికంటే తొందర ఉన్నదీ ఆయనకే.