మా ఫిజియోథెరపీ విభాగం పెద్ద మేడమ్

ఆదివారం పొద్దున అల్వాల్ నుంచి ఫోన్ వచ్చింది. మా పెద్ద మేడమ్ నిద్రలోనే పోయారని ఆవిడ చెల్లెలు చెప్పింది. ఎవరికైనా చెబుదామనుకున్నాను. అప్పట్లో మాతో కలిసి పనిచేసినవాళ్ల నంబరు ఒక్కటీ నా దగ్గర లేదు.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ విభాగానికి ఆవిడ పెద్ద. నేను చదువు ముగించుకుని ఆవిడ దగ్గరే ఉద్యోగంలో చేరాను. ఎవరికి ఏ డ్యూటీ వెయ్యాలో చూడటం, పాడైన మెషిన్లు బాగు చేయించడం, పైవాళ్లు పెట్టే మీటింగులకు వెళ్లడం అన్నీ ఆవిడ పనులే. అయినా రోజూ పొద్దున కొందరు పేషెంట్లను తనే చూసేవారు. "నా చేతులకు పని మరుపొస్తే మీకేం నేర్పుతానమ్మా?" అనేవారు.

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసిన పెద్దాయన ఒకరు పక్షవాతంతో వచ్చేవారు. ఒకరోజు ఆయన మొదటిసారి లేచి నిలబడ్డారు. మేడమ్ ఆయన నడుం పట్టుకుని ఉన్నారు. సరిగ్గా అప్పుడే అటెండర్ వచ్చాడు.

"మేడమ్, మీటింగ్ షురూ అయింది. సార్ గుస్సా అయితున్నడు. జెర జల్ది రమ్మన్నడు."

"నేను వదిలితే ఈయన పడిపోతారు. వెళ్లి ఆ మాటే చెప్పు."

నేను పట్టుకుంటానన్నాను. పెద్దాయన ఆవిడ భుజం ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "నువ్వు పోకు బిడ్డా, నాకు భయమైతున్నది," అన్నారు. ఆవిడ పోలేదు. ఆయన ఒక అడుగు వేసి కూర్చున్నాకే వెళ్లారు.

అప్పటికే మీటింగులో తేల్చేశారు. ఒక్కో పేషెంటుకు ఇచ్చే సమయం సగానికి తగ్గించాలట.

"మేడమే అక్కడ లేకపోతే మన తక్లీఫ్ ఎవరు చెప్తరు?" అన్నాడు మాలో ఒకతను, ఆవిడకు వినిపించేలాగే. మర్నాడు మేడమ్ నన్ను పిలిచి, "పెద్దాయన్ని ఇకనుంచి నువ్వు చూడు," అన్నారు.

ఆ తర్వాత ఆవిడ ఒక్క మీటింగూ వదల్లేదు. వాదించారు, చీవాట్లు తిన్నారు. చివరికి పక్షవాతం పేషెంట్ల వరకైనా పాత సమయం తిరిగి ఇప్పించారు. ఆ నెలల్లో మాకు దూరమయ్యారు. ఆవిడ వస్తే మా మాటలు ఆగిపోయేవి. అది గమనించారేమో, తన గదిలో ఒక్కరే భోజనం చేయడం మొదలుపెట్టారు. పెద్దాయన రోజూ, "మేడమ్ రాలే?" అని అడిగేవారు. ఆవిడ తలుపు దగ్గర ఆగి, ఆయన నడక చూసి, లోపలికి రాకుండానే వెళ్లిపోయేవారు.

రిటైరయ్యాక ఆవిడకే పార్కిన్సన్స్ వచ్చింది. సెలవు రోజుల్లో అల్వాల్‌లో వాళ్లింటికి వెళ్లి వ్యాయామం చేయించేదాన్ని. పాత రోజుల గురించి ఒకసారి అడిగాను.

"పేషెంట్ దగ్గరుంటే మీటింగులో ఉండాల్సింది కదా అనిపించేది. మీటింగులో ఉంటే పేషెంట్ గుర్తొచ్చేవాడు. ఎక్కడున్నా సగమే ఉన్నానమ్మా," అన్నారు.

చివరిసారి వెళ్లినప్పుడు నన్ను సాగనంపడానికి గేటు దాకా నడిచి వచ్చారు. ఆ జబ్బున్నవాళ్లకు ముందుకు నడవడం కన్నా వెనక్కి తిరగడం కష్టం. లోపలికి తీసుకెళతానని చెయ్యి చాపాను.

"నువ్వు బయల్దేరు. నేను మెల్లగా వెళతాలే."

ఆటో సందు చివరికి వచ్చాక తిరిగి చూశాను. మేడమ్ గేటు పట్టుకుని ఇటే చూస్తూ నిలబడి ఉన్నారు, నేను కనుమరుగయ్యాక తిరుగుదామని.