చర్చిలో జిందాబాద్ అన్న మా విమల టీచర్

నిన్న మధ్యాహ్నం క్లాసులో పాఠం చెబుతుండగా నాన్న ఫోన్ చేశారు. బడి టైంలో ఆయనెప్పుడూ చెయ్యరు.

"పాపా, విమల టీచరమ్మ పోయింది."

బోర్డు మీద లెక్క సగంలో ఉంది. పిల్లలు నన్నే చూస్తున్నారు.

విడవలూరు దగ్గర సముద్రపు ఒడ్డున మా ఊరు. టీచర్ నాకు టెన్త్‌లో సోషల్ చెప్పి, ఆ ఏడే రిటైరయ్యారు. మర్నాడే ఎర్రజెండా పట్టుకున్నారు. దేవుణ్ణి నమ్మరు. మా అమ్మ చేపల పులుసుని మాత్రం పూర్తిగా నమ్మేవారు.

టెన్త్‌తో నా చదువు ఆగిపోయేదే. కాలేజీ నెల్లూరులో, మా ఊరికేమో బస్సు లేదు.

"బస్సు లేకుండా ఆడపిల్లని యాడికి పంపేది?" అన్నారు నాన్న. ఆయన చర్చి పెద్ద. ఆయన మాటే మిగతా తండ్రుల మాట.

టీచర్ బస్సు కోసం డిపో ముందు ధర్నాకు కూర్చున్నారు. ఊరు కదలకపోతే లాభం లేదని, ఓ ఆదివారం నేరుగా మా చర్చికే వచ్చేశారు. కొంగు తలమీద కప్పుకుని ఆడవాళ్ల వైపు చాప మీద బుద్ధిగా కూర్చున్నారు. ఆవిడ అడిగితే పాస్టర్ గారు బస్సు కోసం ప్రార్థన కూడా చేశారు.

అందరం "ఆమెన్" అన్నాం.

టీచర్ ఒక్కరే, అలవాటు కొద్దీ పిడికిలెత్తి, "జిందాబాద్!"

తలలన్నీ ఆవిడ వైపు తిరిగాయి.

ఆవిడ నాలుక కరుచుకున్నారు. ముందు నవ్వింది మా నాన్నే! ఆయన చర్చిలో నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

"మీకు ప్రార్థన రాదు, మాకు ధర్నా రాదు. సోమారం మేమంతా వస్తాంలే మేడమ్" అన్నారు.

అన్నట్టే వెళ్లారు. డిపో ముందు కాసేపు కీర్తనలు, కాసేపు నినాదాలు. పాపం మేనేజర్, ఎవరితో మాట్లాడాలో తెలీక తల పట్టుకున్నాడు.

కాలేజీలు తెరిచేలోపు బస్సు వచ్చింది. నేను ఇంటర్‌లో చేరాను.

తర్వాత టీచర్ రెండుసార్లు ఎలక్షన్లో నిలబడి ఓడిపోయారు. "నాకు పడిన ఓట్ల కన్నా నేను చదువు చెప్పిన పిల్లలే ఎక్కువ" అని ఆవిడే నవ్వేవారు. మనిషి ఒక్కరోజు కూడా డీలా పడలేదు.

ఇవాళ పొద్దున నాన్నని తీసుకుని చివరి చూపుకి వెళ్లాను. ఎర్రజెండా కప్పి ఉంచారు. నాన్న ఆవిడ పాదాల దగ్గర నిలబడి చేతులు జోడించారు.

"ఆ పొద్దు బిడ్డ చదువు ఆపబోయినాను. తప్పు నాదే మేడమ్" అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు.

అక్కడే ఏడ్చేశాను. అయినా మనసు నిండుగానే ఉంది.

వెళ్లి రండి టీచర్. జీవితమంతా మా కోసం నిలబడ్డారు, ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి.