నాన్నగారు చెప్పిన రెండో భాగం

మొన్న మా మనవరాలు తాడేపల్లిగూడెంలో ఏదో ఇంగ్లీషు సినిమా రెండో భాగం చూసొచ్చి, మొదటిదానికంటే ఇదే బావుందనీ, అలా కావడం చాలా అరుదనీ నాకు పాఠం చెప్పింది. నాకు నవ్వొచ్చింది. మొదటిదాన్ని మించిన రెండో భాగాన్ని నేను పరికిణీలు కట్టే రోజుల్లోనే మా ఇంటి అరుగు మీద విన్నానంటే దానికి అర్థం కాదు, మీకైతే అవుతుంది.

మాది ఆకివీడుకు దగ్గర్లో కొల్లేటి ఒడ్డున ఉన్న ఊరు. నాన్నగారు పురాణం చెప్పేవారు. ఎంత పొద్దుపోయినా కథను దుఃఖం దగ్గర ఆపేవారు కారు. ఏ ఇల్లాలో అడవిలో ఏడుస్తూంటే, ఆమెకు మంచి కబురు అందేదాకా చదివి, అప్పుడు మంగళం పాడి పుస్తకం కట్టేవారు. ఏడుపు దగ్గర ఆగిన కథ విన్నవాళ్ళ ఇంటికి వెంట వస్తుందని మా నాయనమ్మ మొదలు లంకల్లో చేపలు పట్టుకునేవాళ్ళ దాకా అందరికీ నమ్మకం, అందుకే మంగళం అయితేగాని ఎవరూ లేచేవారు కారు.

ఆ రోజుల్లో ఆకివీడులో డేరా వేసి మూగ బొమ్మ, అదే మాటల్లేని సినిమా, ఆడించారు. తెర పక్కన ఒకాయన నిలబడి కథ చెప్పేవాడు. పురిటికి వచ్చి ఉన్న మా అక్కయ్య, నెలలు నిండుతున్నా వినక, నాన్నగారిని సాధించి ఒప్పించి మాతోపాటు బండెక్కింది. బొమ్మలో ఒక రాణి, సవతి కుట్రకు భయపడి, పసిగుడ్డును బుట్టలో పెట్టి ఏట్లో వదిలింది. బుట్ట సుడిలో తిరుగుతూండగానే బొమ్మ ఆగిపోయింది. మిగతాది రెండో భాగంలో ఉందనీ, అదెప్పుడొస్తుందో తెలియదనీ చెప్పారు. ఒక్కరూ కదల్లేదు, మంగళం పాడతారని అలాగే కూర్చున్నాం. మేనేజరు వచ్చి, అయిపోయిందండీ, లేవండీ అని బతిమాలితే, లంకవాళ్ళలో ఒక పెద్దావిడ, "బిడ్డ నీళ్ళల్లో ఉండగా ఎలా లెగుత్తామండీ" అంది. చివరికి దీపాలు ఆర్పేస్తే తడుముకుంటూ బయటపడ్డాం.

ఇంటికొచ్చాక అక్కయ్య అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నా ముట్టలేదు. ఆ బుట్టే కళ్ళల్లో తిరుగుతోందంటూ కడుపు మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. నాయనమ్మకు భయం పట్టుకుని నాన్నగారి మీద విరుచుకుపడింది. "పంపిందీ నువ్వే, ఆ కథేదో నువ్వే ఒడ్డెక్కించు" అంది. నాన్నగారు పుస్తకంలో లేని మాట ఒక్కటి కలపని మనిషి. ఇంకెవరైనా పిట్టకథ జొనిపినా సహించేవారు కారు, ఆ విషయంలో పరమ మొండి. అటువంటివారు ఆ మధ్యాహ్నం అక్కయ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని, గొంతు సవరించుకుని, ఎక్కడా లేని కథ మొదలుపెట్టారు. సంగతి తెలిసి లంకవాళ్ళు కూడా దోనెలు కట్టేసి వచ్చి వాకిట్లో చేరారు.

ఆయన కథలో ఆ ఏరు వచ్చి మా కొల్లేట్లో కలిసింది. వలలు తీయడానికి వచ్చిన, పిల్లలు లేని దంపతులకు రెల్లు దుబ్బుల్లో ఆగిన బుట్ట కనిపించింది. గేదె పాలు పోసి బిడ్డను పెంచుకున్నారు. రాణి ఊరూరా వెతుక్కుంటూ ఆ గుడిసెకే వచ్చి, బిడ్డ ఆ తల్లి ఒళ్ళో నవ్వడం చూసి, ఇమ్మని అడగడానికి నోరు రాక గుమ్మంలో నిలబడిపోయింది. ఆ ఇల్లాలే విషయం గ్రహించి, చాప వేసి, ఇద్దరం పెంచుకుందాం రమ్మంది. మంగళం అందరం కలిసి పాడాం. నాయనమ్మ పెరుగన్నం కలిపి తెస్తే అక్కయ్య మళ్ళీ అడిగి పెట్టించుకుని తింది. ఆ వారంలోనే సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల.

అసలు రెండో భాగం ఏడాది తిరిగాక ఏలూరు వచ్చింది. పిల్లను చంకనేసుకుని అక్కయ్యా, ఈసారి నాన్నగారూ, మేమూ, లంకవాళ్ళూ పడవల మీద కొల్లేరు దాటి వెళ్ళాం. అందులో బుట్ట ఎవరో మహారాజుకు దొరికింది. గుర్రాలు, కత్తియుద్ధాలు, చివర పట్టాభిషేకం, అన్నీ ఘనంగానే ఉన్నాయి. బయటికొచ్చాక ఆ పెద్దావిడ నాన్నగారి దగ్గరికి వచ్చి, "ఈళ్ళకి సరిగ్గా తెలీదండీ, మీరు చెప్పిందే జరిగిందండీ" అని తీర్పు చెప్పింది. నాన్నగారు సిగ్గుపడి కండువా సర్దుకున్నారు. ఆ తరువాత ఆయన ఇంకెప్పుడూ సొంత కథ చెప్పలేదు. ఆ ఒక్కటీ వినే అదృష్టం నాకు దక్కినందుకు, డేరావాళ్ళు బొమ్మను అలా అర్ధాంతరంగా ఆపినందుకు కూడా, ఈనాటికీ దణ్ణం పెట్టుకుంటాను.

మనవరాలు చూసిన సినిమా సైతం మధ్యలోనే ఆగిందట. హీరో ఎక్కడో గుహలో చిక్కుకుపోయాడట, మూడో భాగం వచ్చేదాకా ఆగాలట. వీళ్ళకు ఎదురుచూడటం సరదా, మాకది భయం. ఆ భయంలో ఒకరి కోసం ఒకరు కథ పూర్తిచేసేంత ప్రేమ ఉండేది. ఆ మాట దానితో అందామనుకునేలోగా అది చెప్పులేసుకుని ట్యూషన్‌కు వెళ్ళిపోయింది. పాపం, ఎవరి బిడ్డో, గుహలోనే ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు కదా అని వాడి కోసం మెల్లగా మంగళం పాడాను.