పియానో మైకులో మిగిలిన గొంతు

1991 ఫిబ్రవరిలో నన్ను రెండో రికార్డిస్టుగా వేశారు. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్‌నగర్‌కి ఎక్కే దారిలో, బండరాళ్లను ఆనుకుని కట్టిన రికార్డింగ్ థియేటర్ మాది. అంతకుముందు నాలుగేళ్లు మద్రాసులో కేబుళ్లు చుట్టాను, టేపు డబ్బాల మీద వివరాలు రాశాను. రెండో రికార్డిస్టుకి మిక్సింగ్ బోర్డు ముందు కూర్చునే హక్కు ఉంటుంది గానీ, పద్ధతి మార్చే హక్కు ఉండదు. అది చీఫ్ రికార్డిస్టుది. మా చీఫ్ రాఘవరావు గారు. తెనాలి మనిషి, మాట తక్కువ. పాట వింటూనే ఏ మైకు రెండు అంగుళాలు పక్కకి జరిగిందో చెప్పేవారు.

నేను చేరిన నెలలోనే ఒక సంగీత దర్శకుడు చంకలో ఎల్పీ రికార్డు పెట్టుకుని వచ్చారు. సినిమాలో పెద్ద హోటల్ సన్నివేశం ఉంది, నాయిక పియానో పక్కన నిలబడి నెమ్మదైన పాట పాడుతుంది. ఆయన తెచ్చిన రికార్డులో ఒక అమెరికన్ గాయని పాత జాజ్ పాటలు పాడింది. వెనక పియానో, మనిషంత ఎత్తు తంత్రీవాద్యమైన నిలువు బేస్, డ్రమ్స్, సాక్సాఫోన్, అంతే. ఒక పాట వినిపించి, "బాణీ నా దగ్గరుందండీ. ఈ గది మాత్రం లేదు. నాకు ఈ గది కావాలి" అన్నారు.

ఆయన అడిగింది నాకు వెంటనే అర్థమైంది, ఆ రికార్డులో గది కూడా మోగుతోంది. మా థియేటర్ గోడల నిండా దూది లాంటి గాజుపీచు, దాని మీద గోనెగుడ్డ, నేలంతా తివాచీ. చప్పట్లు కొడితే చప్పుడు అక్కడే చచ్చిపోయేది. అప్పటి పద్ధతికి అదే కావాలి. ఒక్కో వాద్యాన్నీ విడిగా, టేపు మీద ఒక్కో వరుసలో ఎక్కించేవాళ్లం. ఆ వరుసనే ట్రాక్ అంటారు. గాయని అద్దాల బూత్‌లో ఒంటరిగా పాడుతుంది. ముందు ట్రాక్ సింగర్ చేత నమూనాగా పాడించి, దాంతోనే షూటింగ్ కానిచ్చి, పేరున్న గాయని వీలు చూసుకుని వచ్చినప్పుడు ఆ గొంతు తీసేసి ఈ గొంతు పెట్టేవాళ్లం. ఎవరి ధ్వనీ ఇంకొకరి మైకులో పడకూడదు. పడితే దాన్ని లీకేజీ అంటారు. మా వృత్తిలో అది తప్పు.

రాఘవరావు గారు ప్రతిధ్వని పుట్టించే ఎకో యంత్రంతో రకరకాలుగా ప్రయత్నించారు. సంగీత దర్శకుడు ప్రతిసారీ తల అడ్డంగా ఊపారు. చివరికి చీఫ్ నాతో, "ఆ రికార్డు రెండు రోజులు నీ దగ్గర ఉంచుకో. వాళ్లేం చేశారో కనిపెట్టు" అన్నారు.

రికార్డు అట్ట వెనక చాలా సంగతులు అచ్చు వేసి ఉన్నాయి. ఏ ఊళ్లో రికార్డు చేశారు, ఎన్ని మధ్యాహ్నాలు పట్టింది, ఎవరు ఏం వాయించారు, బోర్డు ముందు ఎవరు కూర్చున్నారు. ఒక రికార్డిస్టు పేరు అట్ట మీద చూడటం నాకదే మొదటిసారి. కానీ మైకులు ఎక్కడ పెట్టారో, గాయని ఎక్కడ నిలబడిందో లేదు. అది చెవులతోనే వెతకాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఒకే పాట పదే పదే విన్నాను.

రెండో రోజు మధ్యాహ్నం ఒక చిన్న సంగతి చెవికి తగిలింది. డ్రమ్స్ మీద కర్రలకి బదులు తీగల బ్రష్‌లతో రుద్దుతున్న ధ్వని పాట పొడవునా పలచగా, మెరుస్తూ ఉంది. గాయని ఆగి సాక్సాఫోన్ అందుకున్న చోట మాత్రం ఆ మెరుపు తగ్గింది. ఆమె మళ్లీ పాట ఎత్తుకునే ముందు, ఊపిరి తీసుకోవడానికి కొంచెం ముందే, తిరిగొచ్చింది. వాయించే మనిషి మారలేదు, వాయింపూ మారలేదు. మరి మారిందేమిటి? గాయని పాడనప్పుడు ఆ రికార్డిస్టు ఆమె మైకును తగ్గించాడు. దాంతోపాటు బ్రష్‌లూ తగ్గాయి. అంటే డ్రమ్స్ ఆమె మైకులోంచి కూడా వినబడుతున్నాయి. అంటే అందరూ ఒకే గదిలో, ఒకేసారి, బూత్ లేకుండా పాడి వాయించారు. మేం తప్పు అనుకున్న లీకేజీయే ఆ గది.

ఇది ఎవరికైనా చెప్పాలనిపించి విక్టర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన సాక్సాఫోన్ విద్వాంసుడు. పాతికేళ్లు సికింద్రాబాద్ క్లబ్బుల్లో, కలకత్తా హోటళ్లలో వాయించి, టోలిచౌకిలో స్థిరపడ్డారు. నేను చెప్పింది విని నవ్వారు.

"గిదేం కొత్త ముచ్చట మూర్తి సాబ్? మేం గట్లనే వాయించేటోళ్లం. హాల్ల ఒక్కటే మైకు. జోరుగ వాయించేటోడు ఎన్కకు జరగాలె, మెల్లగ వాయించేటోడు ముంగటికి రావాలె. సౌండు మీ బోర్డు మీద కాదు, మా కాళ్లల్ల ఉంటది."

రాఘవరావు గారు అంతా విన్నారు. తర్వాత, "టెస్ట్ చెయ్యి. టెస్ట్ వరకే. అసలు టేక్ మాత్రం పాత పద్ధతిలోనే, గొంతు బూత్‌లోనే ఉండాలి. లీకైతే రేపు గొంతు మార్చలేం, గుర్తుపెట్టుకో" అన్నారు. టేపు యంత్రం విడిభాగాల పని మీద ఆ వారమే ఆయన మద్రాసు వెళ్లారు.

టెస్ట్ రోజు పొద్దున్నే తివాచీలు చుట్టేశాం. బోరబండ నుంచి వచ్చిన వడ్రంగులు సెట్ కోసం తెచ్చిన ప్లైవుడ్ పలకలు తీసుకుని గోనెగుడ్డ గోడలకి ఆనించాం. పియానోకి ఒకటి, సాక్సాఫోన్‌కి ఒకటి, బేస్‌కి, డ్రమ్స్‌కి చెరొకటి, గొంతుకి ఒకటి, మొత్తం అయిదు మైకులు. పాడటానికి వచ్చిన ట్రాక్ సింగర్ పేరు స్వరూప. రహమత్ నగర్‌లో ఉండేది. పాతికేళ్లుంటాయి. సాఫీగా, లయ తప్పకుండా పాడుతుందని పేరు. బూత్ వైపు నడుస్తుంటే ఆపి, పియానో పక్కన నిలబడమన్నాను.

"గీడనా సార్? అందరి నడుమ?"

"ఇక్కడే. హెడ్‌ఫోన్లు కూడా వద్దు."

మామూలుగా చెవిలో టిక్ టిక్‌మని తాళం వినిపిస్తూ ఉంటుంది, అందరూ దానికి కట్టుబడి వాయిస్తారు. ఆ రోజు అదీ లేదు. మొదటి టేక్‌లో అందరూ ఒకరికొకరు భయపడ్డారు. రెండో దాంట్లో విక్టర్ గారు రెండడుగులు వెనక్కి జరిగారు. మూడో టేక్‌లో స్వరూప ఒక మాటను కావాలని ఆలస్యంగా వదిలింది. పియానో ఆమె కోసం ఆగింది. అక్కడి నుంచి పాట వేరే దారి పట్టింది.

సంగీత దర్శకుడు బోర్డు గదిలోకి వచ్చి, "ఇదేనండీ. టెస్టూ లేదు, ఏం లేదు. ఎల్లుండే షూటింగ్, ఇదే పంపిస్తున్నాను" అన్నారు.

చెప్పాల్సిన క్షణం అదే. స్వరూప గొంతు అయిదు మైకుల్లోనూ పడిందని, ఆమె ట్రాక్ మూసేసినా పియానోలోంచి వినబడుతుందని, గాయనిని మార్చడం కుదరదని నాకు స్పష్టంగా తెలుసు. నేను చెప్పలేదు. చెబితే ఆ టేక్ పక్కన పెట్టేస్తారు. ఒక అట్ట మీద రాయని సంగతిని నా చెవులతో కనిపెట్టాను, అది మా గదిలో నిజమైంది. ఆ ఉత్సాహంలో నోరు మెదపలేదు. టేపు డబ్బా మీద మూడో టేక్ ఓకే అని రాసి సంతకం పెట్టాను.

షూటింగ్ అయిపోయింది. హోటల్ సెట్ విప్పేశారు. పది రోజుల తర్వాత పేరున్న గాయని మద్రాసు నుంచి వచ్చారు. అప్పటికే తిరిగొచ్చిన రాఘవరావు గారు బోర్డు ముందు కూర్చున్నారు. స్వరూప ట్రాక్ మూసి, ఆవిడ చెవుల్లోకి వాద్యాలు వదిలారు. రెండు వరుసలు పాడి ఆవిడ ఆపేశారు.

"వెనక ఇంకెవరో పాడుతున్నారండీ."

రాఘవరావు గారు నా వైపు చూడలేదు. పియానో ట్రాక్ ఒక్కటే పెట్టి విన్నారు. గోడ అవతల నుంచి పాడుతున్నట్టు స్వరూప గొంతు. సాక్సాఫోన్ ట్రాక్‌లోనూ అంతే. ఆవిడ ఆ గొంతుకి సరిగ్గా కలిపి పాడితే లోపలిది కప్పబడిపోతుందని గంటన్నర ప్రయత్నించారు. తాళం కొలతలో లేదు, మాటలు ఆలస్యంగా పడ్డాయి. నాయిక పెదవులు కూడా అలాగే కదిలాయి. ఎక్కడో ఒకచోట రెండు గొంతులూ విడిపోతూనే ఉన్నాయి. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి బయటికి వచ్చి, స్వరూప గొంతుతో పాట మొత్తం ఒకసారి పెట్టమన్నారు. విన్నారు.

"నేను నా పాట పాడటానికి వచ్చాను, ఇంకొకరి ఊపిరి పట్టుకుని పాడటానికి కాదు. ఇది ఈ అమ్మాయి పాట. ఇలాగే ఉంచండి" అన్నారు. కోపంగా కాదు. కారు పిలిపించుకుని వెళ్లిపోయారు.

పాట స్వరూప గొంతుతోనే విడుదలవుతుందని నిర్ణయమైంది. ఆ సాయంత్రం రాఘవరావు గారు నన్ను కూర్చోబెట్టి ఒక్కటే అడిగారు. "నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసండీ."

"లీకైనందుకు నాకు బాధ లేదు. బాగుంది. చెప్పకపోవడం తప్పు" అన్నారు. మర్నాటి నుంచి నన్ను డబ్బింగ్ విభాగానికి పంపారు. ఆరు నెలలు పాట రికార్డింగ్ ముఖం చూడలేదు.

స్వరూపకి నేనే కబురు చెప్పాను. సంతోషిస్తుందని అనుకున్నాను. ఆమె థియేటర్ వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయింది.

"నా గొంతు తీయరాదని మీకు ఎరికేనా సార్?"

ఎరికేనన్నాను.

"నాకు ఎందుకు చెప్పలే? పెద్ద సింగర్ పాట నేను గుంజుకున్నననుకుంటరు గద అందరు. ట్రాక్ పాడేదాన్ని పిల్సేదే, మల్ల తీసేసేతందుకు. ఇగ నన్నెవరు పిలుస్తరు?"

ఆమె అన్నట్టే జరిగింది. పాటకి మంచి పేరొచ్చింది, క్యాసెట్ మీద ఆమె పేరు అచ్చయింది, అయినా నాలుగైదు నెలలు ఏ థియేటరూ ఆమెను ట్రాక్‌కి పిలవలేదు. గాయనిగా పిలిచేంత పేరూ అప్పటికి లేదు. డబ్బింగ్ విభాగంలో గుంపు గొంతులకి వస్తుండేది. నన్ను చూస్తే నమస్తే సార్ అనేది, అంతకు మించి మాట్లాడేది కాదు. వానాకాలం వెళ్లాక, ఆ పేరున్న గాయనే ఒక కొత్త సినిమాకి, "నా పాటలకి ట్రాక్ ఆ అమ్మాయి చేతే పాడించండి" అని కబురు పెట్టారు. మిగతా వాళ్లకి అది చాలింది. పిలుపులు మళ్లీ మొదలయ్యాయి. రెండేళ్లకి స్వరూపకి సొంత పాటలు కూడా వచ్చాయి. ఆ మేలు చేసింది ఆవిడ. నేను కాదు.

తర్వాత నేను చీఫ్‌నయ్యాను. ఒకే గదిలో అందర్నీ కూర్చోబెట్టి రికార్డు చేసిన పాటలు ముప్ఫైకి పైగానే ఉంటాయి. మైకు ఎక్కడ పెడితే గది పలుకుతుందన్నది ఆ ఎల్పీ దగ్గర నేర్చుకున్నాను. రికార్డింగ్ మొదలైందని చెప్పే ఎర్ర దీపం వెలగక ముందే ఎవరి గొంతు ఎందులో పడుతుందో, ఏది తర్వాత తీయగలమో, ఏది తీయలేమో పాడేవాళ్లకి చెప్పాలన్నది స్వరూప దగ్గర నేర్చుకున్నాను. అలా చెప్పినప్పుడు కొందరు వద్దని బూత్‌లోకి వెళ్లిపోయారు. వాళ్ల పాటలు మామూలుగా వచ్చాయి. నేను వాళ్లను ఆపలేదు.