హగరి క్యాంపుకు రెండో రక్తం కోసం

గుంతకల్లు నుంచి బళ్లారి వైపు పొద్దున వెళ్లే ప్యాసింజరు ఆ రోజు గంట ఆలస్యంగా కదిలింది. నా ఒళ్లో ఐసుపెట్టె. వరి పొలాల్లో దిగేవాళ్లకు వచ్చే ఎలుకల జ్వరం మీద మా ల్యాబులో పరిశోధన జరుగుతోంది. దానికోసం రక్తం తేవడానికి హగరి వెళుతున్నాను. ఐసు సాయంత్రం దాకా నిలవాలి. ఆ సంగతి రైలుకు ఎవరు చెప్తారు?

"ఏంది తల్లీ, చేపలా?" ఎదుటి సీటు పెద్దాయన అడిగాడు.

"కాదండీ, రక్తానికి."

ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. హగరి దాకా మళ్లీ నా వైపు చూడలేదు.

స్టేషన్ బయట ఒక్కటే ఆటో. "స్వల్ప ఆగండి మేడమ్, జనం వస్తాండారు" అన్నాడు డ్రైవరు. జనం రాలేదు, ఎరువు బస్తాలు వచ్చాయి. వాటి మధ్య ఇరుక్కుని, కాలువగట్టు గుంతల్లో పెట్టెను వాటేసుకుని క్యాంపు చేరాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన రైతుల ఊరది.

అక్కడ నాగభూషణానికి కిందటి నెలలో ఆ జ్వరం వచ్చి తగ్గింది. అప్పటి రక్తాన్నీ ఇప్పటి రక్తాన్నీ పోల్చి చూస్తేనే అది ఎలుకల జ్వరమేనని గట్టిగా చెప్పగలం. రెండోది దొరక్కపోతే మొదటిది దండగ. "ఇంట్లోనే ఉంటా, రండమ్మా" అని ముందురోజు ఫోన్లో అన్నాడు. తీరా వెళితే మనిషి లేడు.

"కాలవకి నీళ్లు ఇడిసినారు, మడికి పొయినాడు" అంది పక్కింటావిడ.

అరుగు మీద కూర్చున్నాను. భోజనం వేళ దాటాక వచ్చాడు, మోకాళ్ల దాకా బురదతో.

"బూట్లు వేసుకోమని చెప్పానుగా!"

"మడిలో దిగబడతాయమ్మా. అయినా నాకు తగ్గిపాయె కదా, మళ్లీ రక్తం ఎందుకు?"

పళ్లు బిగించి మళ్లీ మొదటి నుంచి చెప్పబోతుంటే ఇంట్లోంచి మూలుగు వినబడింది. ఆయన భార్య రత్నమ్మ మంచం మీద ఉంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. పిక్క మీద చెయ్యి వేయగానే కేక పెట్టింది. నిన్నటి నుంచి ఒంటేలు సరిగా రాలేదట. ఇదీ ఆ జ్వరమే, మూత్రపిండాల దాకా పోయినట్టుంది.

"ఫోన్లో ఈ మాట ఎందుకు చెప్పలేదు?" అని అరిచాను.

"మీరు నా రక్తం గురించే అడిగితిరి కదమ్మా" అన్నాడాయన.

రత్నమ్మను పట్టుకుని లేపి కూర్చోబెట్టాను.

అదే ఆటోను పిలిపించి బళ్లారి బయలుదేరాం. దారిలో రైలుగేటు వేశారు. ఖనిజం మోసే గూడ్సు తాపీగా సాగుతూనే ఉంది. నాగభూషణం తువ్వాలుతో భార్య మొహం తుడుస్తూ, "ఇంకెంతసేపప్పా?" అని డ్రైవరును పదేపదే అడిగాడు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ చూసీ చూడగానే సెలైను పెట్టించి మందు మొదలుపెట్టింది. "ఇంకో రోజు ఆగుంటే కష్టమయ్యేది" అంది. వరండాలో నాగభూషణం తనే చొక్కా చెయ్యి పైకి మడిచి నా ముందు కూర్చున్నాడు. "తీసుకోండమ్మా, ఎంత కావాలో తీసుకోండి."

తీశాను. రక్తం గడ్డకట్టాక పైన తేరే నీరు, సీరం, వేరుచేయాలి. అక్కడి ల్యాబువాళ్లు దయతలచి గొట్టాన్ని గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజు ఇచ్చారు. గొట్టం పెట్టి మూత వేశానో లేదో, కరెంటు పోయింది. అది వచ్చేలోపు పెట్టెలో ఐసంతా నీళ్లయింది. వీధిలో చెరుకురసం బండివాణ్ని పెట్టెడు ఐసు అడిగితే, "కిత్నా? అంతా? ఇంట్లో పెళ్లా మేడమ్?" అన్నాడు.

సాయంత్రం రైల్లో, కొత్త ఐసులో సీరం పెట్టుకున్న పెట్టెతో కిటికీ పక్క కూలబడ్డాను. ఆ క్యాంపులకు రక్తం కోసం వెళ్లేవారు ఐసు రెట్టింపు తీసుకెళ్లండి. ఎవరి మాటా నమ్మకండి. ఇంట్లో మిగతావాళ్లెలా ఉన్నారని మాత్రం తప్పకుండా అడగండి.

ఫోన్ మోగింది. పెట్టె పట్టుకున్న చేత్తో ఎలా నొక్కానో, స్పీకరు ఆనయింది.

"పోసిందమ్మా!" నాగభూషణం గొంతు బోగీ అంతా మోగింది. "రత్నమ్మ ఒంటేలు పోసింది! శానా పోసింది!"

చుట్టూ ఉన్నవాళ్లంతా నన్నే చూశారు. పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాను.