ఏటి సెలవు?

నా చిన్నప్పుడు మూడు రోజులు వరసగా సెలవులు కలిసి రావడమంటే మా ఇంట్లో పెద్ద సంగతే. మా నాన్నది పోర్టులో ఓడల్లోంచి సరుకు దింపే పని. ఓడ వచ్చిందంటే ఆయనకు పండగా లేదు, ఆదివారమూ లేదు. అలాంటిది ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు మూడు రోజులు ఇంటిపట్టునే ఉంటానని ఆయనే చెప్పాడు. నన్ను రుషికొండ తీసుకెళ్తానని కూడా చెప్పాడు. అప్పట్లో రుషికొండంటే అద్దాల మేడలూ ఆఫీసులూ కాదు. కొండ, ఇసుక, సముద్రం, ఎప్పుడో వచ్చే బస్సు. నేను ఊరుకుంటానా, బళ్లో అందరికీ చెప్పేశాను.

ఈలోగా అమ్మకు మంచం మీద పడుకునే అవసరం వచ్చిపడింది. అప్పుడు అమ్మకు నాలుగో నెల. అంతకు ముందొక బిడ్డ కడుపులో నిలవలేదు. ఈసారీ అలాంటి సూచనే కనబడేసరికి, మంచం దిగి తిరిగితే బిడ్డ దక్కదని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది. అమ్మ బుద్ధిగా తలూపింది. కానీ మా అమ్మ పడుకోవడం ఎలా ఉండేదంటే, ఒళ్లు మంచం మీద, చెవులు వంటింట్లో. పాలు పొంగిన చప్పుడైతే చాలు, కాళ్లు నేల మీద ఉండేవి. నాన్న డ్యూటీకి వెళ్లాక పక్కింటి పిన్ని తొంగి చూస్తే, అమ్మ చీపురు పట్టుకుని కనబడేది.

సెలవుల్లో మొదటి రోజు నాన్న వంటింట్లోకి దిగాడు. అన్నం మాడింది, పప్పు ఉడకలేదు. ఆ వాసనకు అమ్మ లేచొచ్చింది. పడుకోబెడితే మళ్లీ లేచింది. దాంతో నాన్న కేకలేశాడు. "ఏటే నువ్వు, నీ ఒల్లు నీకక్కర్నేదా?" అమ్మ గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ సాయంత్రమంతా నాన్న గుమ్మంలో కూర్చుని, వెలిగించని బీడీని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయాడు. రుషికొండ మాట ఎత్తడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మా నాన్న కుర్రతనంలో తన ఊళ్లో నాటకాలు ఆడేవాడట. వేషం ఎప్పుడూ ఒకటే, రాజుగారి పక్కన బల్లెం పట్టుకుని నిలబడే భటుడు. ఆయనకున్న మాటా ఒకటే. రెండో రోజు పొద్దున్నే ఆ భటుణ్ణి మళ్లీ బయటకు తీశాడు. తువ్వాలు నడుముకు బిగించి, అమ్మ మంచం ముందు చేతులు కట్టుకుని, తల వంచి నిలబడ్డాడు.

"ఏటి సెలవు, రాణీగారూ?"

సెలవంటే బడి లేని రోజని మాత్రమే తెలిసిన నాకు, దానికి ఆజ్ఞ అనే అర్థం కూడా ఉందని ఆ రోజే తెలిసింది. అమ్మకు నవ్వొచ్చింది. "సాల్లే మావా, గుంట సూత్తంది," అంది నావైపు చూపిస్తూ. నాన్న కదల్లేదు. ఏమీ లేదు పొమ్మన్నా కదల్లేదు. చివరికి అమ్మ పైకి చూస్తూ, వానలొస్తే ఆ రేకు సందులోంచి నీళ్లు కారతాయని మెల్లగా చెప్పింది. నాన్న ఎక్కడినుంచో తారు తెచ్చి, పైకెక్కి సందంతా పూసి దిగాడు. మళ్లీ వచ్చి అదే చోట చేతులు కట్టుకున్నాడు. "అయిపోనాది. ఏటి సెలవు?"

ఏడాదికి సరిపడా చింతపండు కొననే లేదంది అమ్మ. నాన్నా నేనూ బస్సెక్కి పూర్ణా మార్కెట్టుకు వెళ్లి తెచ్చాం. అమ్మ ఒక రెబ్బ వేళ్లతో నలిపి చూసి, ఇది నిరుటిదంటూ లేవబోయింది. "నువ్వు లెగకు, లెగకు!" అంటూ నాన్న సంచీ అందుకున్నాడు. తర్వాతి బస్సుకే మళ్లీ మార్కెట్టు.

అక్కడ పోర్టులో నాన్నతో పనిచేసే ఆయన ఎదురయ్యాడు. "ఏటి బావా, మూడ్రోజులు సెలవిత్తే సంచీ అట్టుకుని తిరగతన్నావ్? రా, పేకాడుకుందాం," అన్నాడు. నాన్న ఏమాత్రం మొహమాటపడలేదు. "మా ఇంటిది సెలవిచ్చినాది బావా. అందికే తిరగతన్నాను," అన్నాడు. ఆయన పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. రుషికొండ బస్సు ఎక్కాల్సిన పిల్ల చింతపండు బస్సులో తిరుగుతోందాయె.

తిరిగొచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగాను, పనులన్నీ ఒక్కసారే అడిగేస్తే ఇన్ని తిరుగుళ్లు ఉండవు కదా అని. నాన్న చింతపండు సంచీ ఒళ్లోకి సర్దుకున్నాడు. "ఒద్దమ్మా. అన్నీ ఒక్కపాలే సెప్పిత్తే, మీయమ్మ అయినియ్యా కానియ్యా అని పడుకునే లెక్కెట్టుకుంటాది. ఒకటి అయినట్టు కల్లతో సూత్తే, ఆ ఒక్క మూటా దిగిపోతాది," అన్నాడు. ఓడలు ఖాళీ చేసే మనిషి. అమ్మను పడుకోమని చెబితే లాభం లేదని, ఆమె మోస్తున్నవి ఒక్కొక్కటే దింపాలని ఒక్క రోజులో కనిపెట్టాడు. ఎంత తెలివైనవాడు మా నాన్న అని ఇప్పటికీ అనుకుంటాను.

మూడో రోజుకు అమ్మ చెప్పే పనులు చిన్నవైపోతూ వచ్చాయి. పిన్ని దగ్గర తెచ్చిన ఇడ్లీ రేకులు తిరిగిచ్చేశాం. స్టవ్వుకు కొత్త వత్తులు పడ్డాయి. ఊడిపోయిన నా గౌను అంచును నాన్నే కుట్టాడు, సూదిలో దారం మాత్రం నేనెక్కించాను. భోజనాలయ్యాక గడియారానికి తాళం ఇమ్మంది అమ్మ. ఇచ్చి వచ్చి, నాన్న అలవాటుగా చేతులు కట్టుకున్నాడు.

"ఏటి సెలవు?"

జవాబు లేదు. అమ్మకు కోపమొచ్చిందేమో అనుకుని తొంగి చూశాను. నోరు కొంచెం తెరుచుకుని, చెయ్యి కడుపు మీద వేసుకుని నిద్రపోతోంది. మా అమ్మ పగలు నిద్రపోవడం పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. నాన్న పెదవుల మీద వేలు పెట్టుకుని, నాకు సైగ చేశాడు. చాలాసేపు అలాగే నిలబడి అమ్మనే చూశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూశాను.

ఇద్దరం పిల్లుల్లా నడిచి బయట మెట్టు మీద కూర్చున్నాం. నాన్న నావైపు తిరిగి, రెండు చేతులూ కట్టుకుని, గుసగుసగా అడిగాడు. "మరి నీకేటి సెలవు, గుంటా?"

రుషికొండ నాలుక చివరిదాకా వచ్చింది. ఇంకా పొద్దుంది, బస్సూ ఉంది. "అమ్మ లెగిసీదాకా ఇక్కడే కూకుందాం నాన్నా," అన్నాను. నాన్న నా తల దగ్గరకు లాక్కున్నాడు. అంతలో పోర్టు వైపు ఓడ కూత పెట్టింది. నాన్న ఉలిక్కిపడి ఇంట్లోకి చూశాడు. అమ్మ లేవలేదు. నాన్న పోర్టు వైపు గుడ్లురిమాడు. ఓడ మీద ఆయన అంత కోప్పడటం మళ్లీ ఎన్నడూ చూడలేదు.

తమ్ముడు నెలలు నిండాకే పుట్టాడు. వాణ్ణి ఎత్తుకునే రుషికొండ వెళ్లాం.

ఇప్పుడు మా అమ్మాయి ఆఫీసు ఆ రుషికొండలోనే. సెలవులు కలిసి వస్తే చాలు, హాయిగా పడుకుంటానంటుంది. పడుకున్నాక ఫోనులో గ్యాసు, కరెంటు, పిల్లాడి ఫీజు అంటూ దొర్లుతూ ఉంటుంది. మొన్న నేను వెళ్లి సోఫా ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నవ్వింది, ఏం లేదమ్మా అంది. నేను కదల్లేదు. ఇస్త్రీ బట్టలు తెచ్చాను, కుళాయి బాగుచేసే అబ్బాయిని పిలిపించాను, వచ్చిన ప్రతిసారీ మళ్లీ అడిగాను. మధ్యాహ్నం అడిగితే జవాబు రాలేదు, ఫోను చేతిలోంచి జారిపోయి ఉంది. గబగబా వంటింట్లోకి వెళ్లి, కుక్కరు కూత పెట్టేలోగా స్టవ్వు కట్టేశాను. అన్నం ఉడకలేదు. ఆకలేస్తున్నా, దాని పక్కనే చప్పుడు చేయకుండా కూర్చున్నాను.