మూడో మంచం

గిద్దలూరు శాఖా గ్రంథాలయంలో నేను చదవని తెలుగు పుస్తకం లేదు. గొప్పకు చెప్పడం లేదు. గొప్పే అయినా నిజం. ఏడో తరగతితో బడి మానేశాను. సాయంత్రం నాలుగింటికి కుట్టుమిషను మీద గుడ్డ కప్పి లైబ్రరీకి నడవడం మాత్రం పాతికేళ్లుగా మానలేదు. నవలలు అయిపోయాయి, చరిత్రలు అయిపోయాయి. చివరికి కింది అరలో దుమ్ము పట్టిన పుస్తకం ఒకటి మిగిలింది. హోటల్ ఉద్యోగాలకు తయారయ్యేవాళ్ల కోసం రాసిన పాఠ్యపుస్తకం. దాన్నీ వదల్లేదు. ఏ గదిలో ఎందరిని ఉంచవచ్చు, అదనపు మంచం వేయాలంటే ఎంత ఖాళీ ఉండాలి అన్నవన్నీ బొమ్మలతో సహా నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

“హోటల్ పెడతావా ఏంది వదినా?” అని మా వీధిలో గాజుల దుకాణం ఆమె నవ్వింది.

“పెడితే నీకు మాత్రం గది ఇయ్యను పో,” అన్నాను.

ఆ తర్వాతి సంవత్సరం మా వీధి ఆడవాళ్లం నేపాల్ పోవాలనుకున్నాం. ఆ ఆశ పుట్టించింది మా పక్కింటి అత్త. వరసకే అత్త, చుట్టరికం లేదు. ఆమె వంటింటి గోడకు మంచుకొండ బొమ్మ ఉంది. ఏనాటిదో క్యాలెండరు. కింది తేదీల కాగితాలు చింపేసి, బొమ్మను మాత్రం అన్నం మెతుకులతో అతికించుకుంది. డెబ్బై ఏళ్ల మనిషి, బతుకంతా ఎండలో వేరుశనగ పీకింది. “ఒక్కసారి ఆ తెల్లకొండ చూసి వస్తే చాలే” అనేది. మామ పోయినప్పటి నుంచి ఆమె ఒంటరిగా పడుకోలేదు. రోజూ చాప తెచ్చుకుని మా ఇంట్లోనే పడుకుంటుంది.

లెక్క తీస్తే ఏడుగురం. మార్కాపురం నుంచి టూరు తీసుకుపోయే ఆయన ఫోనులో తేల్చి చెప్పాడు.

“రూముకు ఇద్దరే చెల్లెమ్మా. మూడు రూముల్లో ఆరుగురు. ఏడో మనిషికి పై అంతస్తులో వేరే రూము.”

“ముగ్గురం సర్దుకుంటాం అన్నా. కింద చాప ఏసుకుంటాం.”

“అట్ల ఒప్పుకోరు. మనిషికో మంచం ఉండాల్సిందే. ఆ రూములో మూడోది పట్టదంట.”

ఒంటరి గదిలో నేనే ఉంటానన్నాను. అత్త ఒప్పుకోలేదు. “పరాయి దేశంలో నిన్నొక్కదాన్నే గదిలో పెట్టి నాకు కన్ను మూతపడుతుందా? నేనే ఆగిపోతా. గోడ మీద కొండ ఉండనే ఉంది గదా,” అంది. అని గోడ వైపు మాత్రం చూడలేదు.

నాకు ఒళ్లు మండింది. పట్టదని ఎవరు కొలిచారు? టూరు ఆయన చేత ఆ గది ఫోటో తెప్పించుకున్నాను. నేల మీద టైల్సు కనిపించాయి. ఒక్కో టైలు కొలత అడిగించాను. రెండడుగులు. ఈ గోడ నుంచి ఆ గోడకు ఆరు టైల్సు, అంటే పన్నెండు అడుగులు. ఇక మిగిలింది నా పనే. జాకెట్టుకు పేపర్ కటింగ్ చేసినట్టే, అడుగుకు అంగుళం చొప్పున న్యూస్‌పేపరు మీద గది గీసి, అట్టముక్కలతో మంచాలు కత్తిరించాను. మంచం వెడల్పు మూడడుగులు. హోటల్ వాళ్లు రెండు మంచాల మధ్య రెండడుగుల బల్ల పెట్టారు. మూడో మంచం తలుపు పక్కన పెట్టి చూశాను. పట్టింది!

“పట్టింది అత్తా!”

అత్త ముందుకు వంగి కాసేపు చూసింది. “అంతా బాగుంది గానీ, తలుపు ఎట్ల తెరుస్తారే? లోపలికి తెరిస్తే మంచానికి కొట్టుకుంటుంది గదా. కిటికీలో నుంచి దూకాల్నా?”

పక్కనే కూర్చున్న గాజుల దుకాణం వదిన పడీ పడీ నవ్వింది. పాతికేళ్ల చదువు అక్కడ ఒక తలుపు రెక్కకు ఆగిపోయింది.

పుస్తకంలో బల్ల ఎప్పుడూ మంచాల మధ్యనే ఉంది. అందుకే దాన్ని కదిలించవచ్చని నాకు తోచలేదు. బల్లను తీసి కిటికీ కింద, మంచాల కాళ్ల వైపు పెట్టాను. మూడు మంచాలూ తలుపుకు ఎదురుగా ఉన్న కిటికీ గోడకు జరిపి కలిపేశాను. తొమ్మిది అడుగులు పోగా తలుపు దగ్గర మూడడుగులు మిగిలింది. తలుపు వెడల్పు అంతకన్నా తక్కువే. అట్టతో తలుపు కూడా చేసి, గుండుసూదితో గుచ్చి, అత్త చేతనే తెరిపించాను. పూర్తిగా తెరుచుకుంది.

ఆ న్యూస్‌పేపరును ఫోటో తీసి టూరు ఆయన ద్వారా హోటల్‌కు పంపించాను. మర్నాడు టూరు ఆయన ఫోను. “చెల్లెమ్మా, మూడో మంచం ఏస్తారంట! ఆ బొమ్మ గీసిన ఇంజనీరు ఎవరని అడిగినారు.”

“గిద్దలూరు టైలరని చెప్పన్నా.”

రైళ్లూ బస్సులూ మారి నేపాల్లో పోఖరా అనే ఊరు చేరాం. గది తలుపు తీస్తే నా న్యూస్‌పేపరు నేల మీద పరిచినట్టే ఉంది. కిటికీ కింద బల్ల, పక్కపక్కనే మూడు మంచాలు. మా గదిలో మూడో మనిషి గాజుల వదిన. “నీ హోటల్లో నాకు గది ఇయ్యనంటివి, ఇప్పుడు మంచమే ఇస్తివి,” అంటూ గోడ పక్కన చేరింది. అత్త మధ్య మంచం మీద పడుకుని, అటు ఆమెను, ఇటు నన్ను ఒకసారి చేత్తో తడిమి చూసుకుని గురక పెట్టింది.

తెల్లవారుతుండగా చల్లగాలి తగిలి మెలకువ వచ్చింది. తలుపు బార్లా తెరిచి ఉంది. ఏ మంచానికీ తగల్లేదు. అత్త శాలువా కప్పుకుని బయట వరండాలో నిలబడి, వీధంతా వినపడేలా పిలుస్తోంది.

“లేయండే! కొండ వచ్చింది!”